వానలో జాకెట్ లోపల తడి ఎందుకు? బ్రీతబుల్ వాటర్‌ప్రూఫ్ జాకెట్‌ను ఎంచుకోవడం, వాడుకోవడం, కాపాడుకోవడం

వానలో రెండు మూడు గంటలు నడిచి జాకెట్ విప్పితే లోపలి చొక్కా తడిగా ఉంటుంది. వెంటనే మనకు తట్టేది ఒకటే: జాకెట్ కారుతోంది. అంత డబ్బు పోసి కొన్నది ఇంతేనా అని ఉసూరుమంటాం. నిజానికి చాలాసార్లు ఆ జాకెట్‌లోకి ఒక్క వాన చుక్క కూడా దిగి ఉండదు. ఆ తడి మన ఒంట్లోంచి వచ్చిందే. ఆవిరిగా బయటికి పోయే దారి మూసుకుపోవడంతో లోపలే నీరైంది. వాన తడి ఏదో, ఒంటి తడి ఏదో తెలుసుకోవడం వస్తే జాకెట్ ఎంచుకోవడం, వేసుకోవడం, ఉతకడం అన్నీ సులువవుతాయి. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే నడుస్తుంది.

మొదటి అడుగు: జాకెట్ ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోండి

వానను ఆపుతూనే ఒంటి ఆవిరిని బయటికి వదిలే జాకెట్‌ను బ్రీతబుల్ వాటర్‌ప్రూఫ్ అంటారు. బయటికి కనిపించేది నైలాన్ లేదా పాలిస్టర్ పైబట్ట. వానను ఆపేది అది కాదు. దాని వెనక అంటించిన పలుచని పొర, అంటే మెంబ్రేన్, ఆపుతుంది. ఆ మెంబ్రేన్‌కు ఒంటి వైపు నుంచి రాపిడి తగలకుండా లోపల ఒక లైనింగ్ ఉంటుంది. ఇక పైబట్టకు నీళ్లు అంటకుండా పూసిన రసాయన పూతను డీడబ్ల్యూఆర్ (డ్యూరబుల్ వాటర్ రిపెల్లెంట్) అంటారు. కంటికి కనిపించని ఈ పూత గురించి కింద ఎక్కువగా చెప్పబోతున్నాను, ఎందుకంటే సగం ఫిర్యాదులు దాని దగ్గరే మొదలవుతాయి.

మెంబ్రేన్‌లు ఒకే రకం కావు. అందరికీ తెలిసిన గోర్‌టెక్స్ మెంబ్రేన్ కథ 1969లో మొదలైంది. బాబ్ గోర్ అనే ఇంజనీరు వేడిచేసిన పీటీఎఫ్ఈ కడ్డీని, అంటే టెఫ్లాన్ అని మనం పిలిచే పదార్థాన్ని, మెల్లగా సాగదీయడం మానేసి ఒక్కసారిగా గట్టిగా లాగాడు. అది తెగిపోకుండా సాగి, సూక్ష్మ రంధ్రాలతో నిండిన పొరగా మారింది. 1976 నాటికి దానితో చేసిన వస్తువులు అమ్మకానికి వచ్చాయి. ఆ రంధ్రాలు నీటి చుక్కకన్నా 20,000 రెట్లు చిన్నవనీ, నీటి ఆవిరి అణువుకన్నా 700 రెట్లు పెద్దవనీ కంపెనీ చెబుతుంది. అయితే చెమటలోని జిడ్డు, సన్‌స్క్రీన్ ఆ రంధ్రాల్లోకి చేరితే నీరు కూడా వాటి వెంటే దూరిపోతుంది. అందుకని తర్వాత దాని లోపలి వైపు రంధ్రాలే లేని పలుచని పాలీయురిథేన్ పొర వేశారు. కాబట్టి ఆ జాకెట్‌లోంచి గాలి సూటిగా బయటికి పోదు. ఆవిరి ముందు ఆ పాలీయురిథేన్‌లోకి ఇంకి, అవతలి వైపు తేలి, అప్పుడు బయటపడుతుంది.

చవక జాకెట్లలో చాలావాటికి పాలీయురిథేన్ పూతే ఉంటుంది. సింపాటెక్స్ లాంటివి కూడా రంధ్రాలు లేని పొరలే. పోలార్‌టెక్ నియోషెల్, ఫ్యూచర్‌లైట్ లాంటివి వేరే దారి పట్టాయి. వాటిలో కొద్దిగా గాలి నిజంగానే దాటుతుంది. అందుకే ఒళ్లు బాగా వేడెక్కే పనుల్లో అవి హాయిగా ఉంటాయి. ఈదురుగాలిలో మాత్రం ఆ హాయి కొంత తగ్గుతుంది.

ఏ రకమైనా సరే, ఆవిరిని బయటికి నెట్టేది మెంబ్రేన్ కాదు. లోపలికీ బయటికీ మధ్య ఉండే ఆవిరి పీడనం తేడాయే నెడుతుంది. చెమట పట్టిన చర్మం దగ్గర, 35 డిగ్రీల సెల్సియస్‌లో, ఆ పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్స్. బయట 5 డిగ్రీల చలిలో వాన పడుతుంటే అక్కడి గాలిలో 0.9 కూడా ఉండదు. తేడా బాగా ఎక్కువ. అదే బయట 28 డిగ్రీల వేడిలో, 95 శాతం తేమతో వాన పడుతుంటే బయటి పీడనమే 3.6 దాకా ఉంటుంది. నెట్టే బలం సగానికన్నా తక్కువకు పడిపోయింది. ఉక్కపోత వానలో ఎంత ఖరీదైన జాకెట్ అయినా చిరాకు పెట్టేది అందుకే. పోనీ చలిలో అంతా బాగుంటుందా అంటే అదీ లేదు. జాకెట్ గోడ చల్లగా ఉండడంతో ఆవిరి బయటికి దాటకముందే దాని లోపలి వైపు నీటి బిందువులుగా పట్టేస్తుంది.

రెండో అడుగు: మీ తడి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి

నడక ఆపిన వెంటనే జాకెట్ విప్పి, లోపలి వైపు చేత్తో తడిమి చూడండి. వీపు, చంకలు, మోచేతి ముందు భాగం అంతటా సన్నని తేమ సమంగా పరుచుకుని ఉంటే అది ఒంటి ఆవిరి. ఒకే చోట, భుజం కుట్టు కిందో జిప్ పక్కనో జేబు మూల దగ్గరో, చుట్టూ పొడిగా ఉండి మధ్యలో మాత్రం తడి ఉంటే అది వాన. మెడ చుట్టూ, ముంజేతుల దగ్గర మొదలై లోపలికి పాకిన తడి అయితే హుడ్, కఫ్‌ల సందుల్లోంచి దిగిన నీరు, లేదా తడిసిన చొక్కా అంచు ఒత్తిలా పీల్చుకున్న నీరు. చొక్కా చేతులు జాకెట్ చేతుల కన్నా పొడవుంటే ఇది తప్పదు.

ఇక నాలుగోది ఉంది, అన్నిటికన్నా ఎక్కువ మందిని మోసం చేసేది అదే. పైబట్ట మీది పూత అరిగిపోతే పైబట్ట వాన నీటిని పీల్చుకుని నానిపోతుంది. మెంబ్రేన్ చెక్కుచెదరదు, నీరు లోపలికి రాదు. కానీ నానిన బట్ట జాకెట్ మీద చల్లని నీటి పొరలా కూర్చుంటుంది. ఆవిరికి బయటి దారి మూసుకుపోతుంది, జాకెట్ గోడ చల్లబడుతుంది, లోపల ఆవిరి నీరైపోతుంది. చేతికి చల్లగా, జిగటగా తగులుతుంటే జాకెట్ కారుతోందనే ఎవరైనా అనుకుంటారు. కారడం లేదు, ఉతకాల్సిన వేళ వచ్చింది, అంతే.

దీన్ని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష చాలు. పొడి జాకెట్‌ను హ్యాంగర్‌కు తగిలించి ముందు ఛాతీ మీద, తర్వాత భుజం మీద నీళ్లు చిలకరించండి. బ్యాగు పట్టీ తగలని ఛాతీ దగ్గర చుక్కలు గుండ్రంగా నిలబడి, కాస్త వంచగానే జారిపోతాయి. పట్టీ ఒరుసుకునే భుజం దగ్గర అవే చుక్కలు చదునుగా పరుచుకుంటాయి. అర నిమిషం ఆగి చూస్తే వాటి కింద బట్ట రంగు ముదురుతుంది. వేలితో తుడిచినా ఆ మచ్చ పోదు. అక్కడ పూత పోయిందని అర్థం.

మూడో అడుగు: కొనేటప్పుడు లేబుల్ మీది అంకెల్ని చదవండి

వాటర్‌ప్రూఫ్ అంకె మిల్లీమీటర్లలో ఉంటుంది. బట్ట మీద నీటి స్తంభాన్ని ఎంత ఎత్తు వరకు నిలిపితే అది ఓర్చుకుంటుందో చెప్పే కొలత అది. 10,000 మిల్లీమీటర్లంటే పది మీటర్ల నీరు, దాదాపు ఒక వాతావరణ పీడనం. మామూలు వానకు ఇది ధారాళంగా సరిపోతుంది. బరువైన బ్యాగు పట్టీలు నొక్కే భుజాల దగ్గర, తడి నేల మీద కూర్చున్నప్పుడు మాత్రం పీడనం వాన చుక్కలకన్నా చాలా పెరుగుతుంది. రోజంతా బరువు మోస్తూ వానలో తిరిగేవాళ్లు 20,000 వైపు చూడటంలో అర్థముంది. మిగతావాళ్లు ఆ అంకె కోసం డబ్బు తగలేయక్కర్లేదు.

ఆవిరి అంకె దగ్గర చాలా జాగ్రత్త కావాలి. ఒక చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో అది చెబుతుంది. కానీ కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. నీళ్ల గిన్నెను నిటారుగా ఉంచి కొలిస్తే ఒక అంకె వస్తుంది, తలకిందులుగా ఉంచితే దానికి ఎన్నో రెట్లు పెద్ద అంకె వస్తుంది, అదీ అదే బట్టకు. ఏ పద్ధతో చెప్పకుండా 20,000 అని రాసి ఉంటే రెండు కంపెనీల జాకెట్లను ఆ అంకెతో పోల్చి లాభం లేదు. పైగా లెక్క కట్టి చూడండి: 20,000 గ్రాములను 24తో భాగిస్తే గంటకు సుమారు 830 గ్రాములు. అదీ ప్రయోగశాల ఇచ్చే అనుకూల వాతావరణంలో. బరువుతో ఎత్తెక్కుతున్న మనిషికి గంటకు లీటరు చెమట పట్టడం వింతేమీ కాదు. బయట వానలో తేమ నిండిన గాలి మధ్య జాకెట్ ఆ లీటరును వదిలించలేదు. కంపెనీలు దీన్ని పెద్దక్షరాల్లో రాయవు గానీ, కొనేవాళ్లకు ముందే తెలియాల్సిన సంగతి ఇదే.

లేబుల్ మీద ఆర్ఈటీ అనే అంకె కనిపిస్తే దాన్నే నమ్మండి. చెమట పట్టే చర్మాన్ని పోలిన వేడి పలక మీద బట్టను పరిచి, ఆవిరికి అది ఎంత అడ్డు పడుతుందో కొలుస్తారు. అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. 6 లోపు ఉంటే చాలా బాగా వదులుతుంది, 13 దాకా బాగుంది, 20 దాటితే ఒళ్లు వేడెక్కే పనులకు పనికిరాదు.

పొరల సంగతి తేలిక. మూడు పొరలూ కలిపి అంటించినది బరువైనా చాలా కాలం మన్నుతుంది. లైనింగ్ బదులు పలుచని పూత మాత్రమే ఉన్న రెండున్నర పొరల జాకెట్ తేలిగ్గా మడతపడుతుంది గానీ చర్మానికి అంటుకుంటుంది, త్వరగా అరుగుతుంది. అప్పుడప్పుడు బ్యాగులోంచి తీసి వేసుకునేవాళ్లకు అదే సరి.

నాలుగో అడుగు: జాకెట్‌ను చేతిలోకి తీసుకుని వెతకాల్సినవి

లోపలి వైపు తిప్పి కుట్లు చూడండి. ప్రతి కుట్టూ సూది చేసిన రంధ్రాల వరుసే. వాటన్నిటి మీదా టేప్ అంటించి ఉండాలి. కొన్నింటికి భుజాలు, మెడ దగ్గర మాత్రమే టేప్ వేసి వదిలేస్తారు. అవి చిరుజల్లుకు సరే గానీ గంటల కొద్దీ కురిసే వానకు కాదు.

చంకల కింద జిప్‌లు ఉన్న జాకెట్‌నే తీసుకోమని నేను గట్టిగా చెబుతాను. మెంబ్రేన్ కన్నా తెరిచిన చంక జిప్ చాలా త్వరగా వేడినీ ఆవిరినీ తోలేస్తుంది. ఖరీదైన మెంబ్రేన్, జిప్‌లు లేని జాకెట్ ఒకవైపు, ఓ మోస్తరు మెంబ్రేన్, పొడవాటి చంక జిప్‌లు ఉన్న జాకెట్ ఒకవైపు పెడితే నేను రెండోదే ఎంచుకుంటాను. ఛాతీ జేబుల లోపలి గుడ్డ జాలీదైతే వాటిని కూడా కిటికీల్లా తెరిచి ఉంచుకోవచ్చు.

హుడ్ పెట్టుకుని తల పక్కకు తిప్పండి. హుడ్ తలతోపాటు తిరగాలి. మీరు తిరిగి అది ఉన్నచోటే ఉంటే ఒక కంటికి అడ్డం వస్తుంది, మెడలోకి నీరు దిగుతుంది. చేతులు పైకెత్తండి. అప్పుడు నడుము బయటపడకూడదు, కఫ్ మోచేతి వైపు జారిపోకూడదు. ఎత్తిన చేతి మీద పడ్డ వాన కఫ్‌లోంచి సూటిగా చంక దాకా పారుతుంది కాబట్టి కఫ్ బిగించే పట్టీ గట్టిదై ఉండాలి.

ఐదో అడుగు: లోపల ఏం వేసుకోవాలి

నూలు చొక్కా వద్దు. అది చెమటను పీల్చి తనలోనే దాచుకుంటుంది, ఆగిన క్షణం నుంచి ఒళ్లు చల్లబరుస్తుంది. పలుచని పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని చర్మం మీద ఉంటే చెమట పరుచుకుని ఆవిరవుతుంది. ఇంకా వెచ్చదనం కావాలంటే పలుచని ఫ్లీస్ (మెత్తని నూగు ఉన్న పాలిస్టర్ బట్ట) చాలు. జాకెట్ లోపలి గోడ మీద పట్టిన నీటికీ మీ చర్మానికీ మధ్య అది ఎడం కూడా ఉంచుతుంది.

జనం ఎక్కువగా చేసేది మరీ ఎక్కువ వేసుకోవడం. బయలుదేరేటప్పుడు కొంచెం చలి అనిపించాలి. పది నిమిషాలు నడిచేసరికి అది పోతుంది. మొదట్లోనే వెచ్చగా ఉంటే అరగంటలో చెమటతో నానిపోతారు.

ఆరో అడుగు: వానలో నడుస్తూ చేయాల్సినవి

చెమట పట్టాక జిప్ తెరవడం ఆలస్యమే. ఎత్తు మొదలవకముందే చంక జిప్‌లు తెరవండి, కఫ్‌లు వదులు చేయండి, నడుము తాడు సడలించండి. వాన సన్నగా ఉంటే ముందు జిప్ ఛాతీ దాకా దించవచ్చు, కొన్ని చుక్కలు పడినా ఫర్వాలేదు. వేగం తగ్గించడం కూడా ఒక పద్ధతే. గంటకు లీటరు చెమట పట్టే వేగంలో ఏ జాకెట్ అయినా ఓడిపోతుంది, అందులో సగం పట్టే వేగంలో చాలా జాకెట్లు గెలుస్తాయి.

ఆగినప్పుడు అన్నీ తిరగేసి చేయండి. ముందు జిప్‌లు మూసి, హుడ్ బిగించి, అవసరమైతే జాకెట్ పైనే మరో వెచ్చని పొర వేసుకోండి. గాలిలేని ఉక్కపోత వానలో చదునైన దారి అయితే గొడుగే హాయి. ఇలా చెబితే కొందరు పర్వతారోహకులు ఒప్పుకోరు గానీ, ఆవిరి పీడనం లెక్క గొడుగు వైపే ఉంది.

ఏడో అడుగు: ఉతకండి, వేడి తగలనివ్వండి

ఉతికితే వాటర్‌ప్రూఫ్ పోతుందనే భయంతో ఏళ్ల తరబడి ఉతకనివాళ్లు ఉన్నారు. జాకెట్‌ను పాడుచేసేది ఆ భయమే. దుమ్ము, పొగ, చెమట జిడ్డు, సన్‌స్క్రీన్ పూత మీద పేరుకుంటే నీళ్లు దాన్ని పట్టుకుని బట్టలోకి దిగుతాయి. లోపల పేరుకున్న ఒంటి జిడ్డు మెల్లగా అంటింపులను వదులు చేస్తుంది, కుట్ల మీది టేప్ ఊడుతుంది. చుక్కలు జారడం మానేసిన రోజే ఉతకండి. వారాల తరబడి రోజూ వాడుతుంటే ఇంకా ముందే.

1. జాకెట్ లోపలి లేబుల్ చదవండి. అందులో ఉన్నది ఇక్కడ రాసినదానికి భిన్నంగా ఉంటే లేబుల్ మాటే చివరిది.
2. జిప్‌లన్నీ మూసి, పట్టీలు వదులు చేసి, జేబులు ఖాళీ చేయండి. మెడ పట్టీ, కఫ్ మీద మురికిని మెత్తని బ్రష్‌తో ముందే రుద్దండి.
3. మెషిన్‌లో సబ్బు పెట్టే అరను కడిగేయండి. అందులో మిగిలిన ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ ఈ పూతకు పరమ శత్రువు, ఎందుకంటే అది బట్టను నీళ్లు పీల్చేలా చేస్తుంది.
4. ఇలాంటి బట్టల కోసమే అమ్మే ద్రవ సబ్బు మంచిది. అది లేకపోతే వాసన, రంగు లేని ద్రవ సబ్బు కొద్దిగా చాలు. బ్లీచ్, డ్రైక్లీనింగ్ వద్దు. నీళ్లు 30 నుంచి 40 డిగ్రీలు, తిప్పుడు నెమ్మదిగా.
5. రెండు సార్లు జాడించండి. బట్టలో మిగిలిన సబ్బు కూడా నీళ్లను లోపలికి లాగుతుంది.
6. ఆరబెట్టాక వేడి తగలనివ్వండి. టంబుల్ డ్రయర్‌లో తక్కువ వేడి మీద ఆరాక ఇంకో 20 నిమిషాలు తిప్పితే చాలు. డ్రయర్ లేకపోతే పూర్తిగా ఆరిన జాకెట్ మీద పొడి గుడ్డ పరిచి, తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా ఇస్త్రీ చేయండి.

ఆ వేడిని వదిలేస్తే పని సగమే అయినట్టు. పూతలోని అణువుల గొలుసులు రాపిడికి పక్కకు వాలిపోతాయి. వేడికి అవి మళ్లీ బయటి వైపు నిలబడతాయి. చాలా జాకెట్లలో ఈ ఒక్క ఉతుకు, ఈ వేడితోనే చుక్కలు మళ్లీ జారడం మొదలవుతుంది.

అప్పటికీ భుజాల దగ్గర మచ్చలు ఆగకపోతే పూతను కొత్తగా వేయాలి. ఉతుకులో కలిపేది ఉంది, స్ప్రే ఉంది. లైనింగ్ చెమటను పీల్చుకోవాలి కదా, దానికి కూడా పూత అంటితే నష్టం. అందుకని తడి జాకెట్‌కు బయటి వైపు మాత్రమే స్ప్రే చేయడం మేలు. భుజాలు, చేతుల పైభాగం, హుడ్ మీద కాస్త ఎక్కువగా కొట్టి, రెండు నిమిషాల తర్వాత మిగిలినది గుడ్డతో ఒత్తి తీసేయండి. కిటికీలు తెరిచి ఉంచండి.

పాత జాకెట్లకు ఇంత తరచుగా ఉతుకు అక్కర్లేదని పెద్దవాళ్లు అంటే అది నిజమే. ఒకప్పుడు ఈ పూతల్లో ఫ్లోరిన్ సమ్మేళనాలు వాడేవారు. అవి నీళ్లనే కాదు, నూనెను కూడా అంటనిచ్చేవి కావు. కానీ అవి నీళ్లలో, నేలలో, మన రక్తంలో చేరి ఎన్ని ఏళ్లైనా విచ్ఛిన్నం కావు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి మామూలు దుస్తుల్లో వీటిపై నిషేధం మొదలైంది. తీవ్రమైన వాన కోసం చేసిన ప్రత్యేక దుస్తులకు 2028 దాకా గడువిచ్చారు. గోర్ కంపెనీ కూడా 2022లో ఫ్లోరిన్ లేని పాలీఇథిలీన్ మెంబ్రేన్ తెచ్చింది. మంచి మార్పే. అయితే ఫ్లోరిన్ లేని పూత నీళ్లను బాగానే ఆపినా జిడ్డును ఆపలేదు. కొత్త జాకెట్ కొన్నవాళ్లు అందుకే ఎక్కువసార్లు ఉతకాలి. ఈ సంగతి తెలియక కొత్తవి నాసిరకం అనుకుంటున్నారు.

ఎనిమిదో అడుగు: కారే చోటు కనిపెట్టి అతకడం

ఉతికి, పూత వేశాక కూడా ఒకే చోట తడి వస్తుంటే అప్పుడు నిజమైన కారడం అని అనుమానించాలి. ఆ భాగం కింద పొడి టిష్యూ కాగితం పెట్టి, పైవైపు బట్టను చిన్న గుంటలా చేసి అందులో గరిటెడు నీళ్లు పోయండి. పది నిమిషాలు ఉంచి, మధ్యమధ్య బొటనవేలితో నొక్కండి. కాగితం మీద చుక్క పడితే చోటు దొరికినట్టే. పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

చిన్న చిల్లుకు బయటి నుంచి, గుండ్రటి మూలలు కత్తిరించిన అతుకు టేప్ చాలు. మూలలు పదునుగా ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. కుట్టు మీది టేప్ లేచి ఉంటే ఆ చోటును స్పిరిట్‌తో తుడిచి, యూరిథేన్ జిగురు పలుచగా రాసి రాత్రంతా ఆరనివ్వండి.

లోపలి పూత పొట్టులా రాలుతున్నా, చేతికి జిగటగా అంటుకుంటున్నా, మెంబ్రేన్ బుడగల్లా లేచినా ఏ స్ప్రే దాన్ని బాగు చేయదు. ఎక్కువగా ఇది తడి జాకెట్‌ను సంచిలో కుక్కి నెలల తరబడి మూల పడేయడం వల్ల వస్తుంది, ఎందుకంటే తేమ, వేడి కలిసి పాలీయురిథేన్‌ను క్రమంగా విరగ్గొడతాయి. ఇంటికి రాగానే హ్యాంగర్‌కు వేలాడదీసి, లోపలా బయటా పూర్తిగా ఆరాక, నలపకుండా వదులుగా దాచండి.